తాగొస్తే గేటు, తాగకపోతే కౌంటరు

యలమంద చేతికి గ్లాసిచ్చింది మీరు. వైను షాపువాడు కాదు, వాడి జతగాళ్ళు కాదు. మీరే. తెల్లకోట్లు తొడుక్కుని, మెడలో కార్డులు వేలాడేసుకుని, మత్తు విముక్తి కేంద్రం అన్న పచ్చబోర్డు కింద ఫ్యాన్లేసుకుని కూర్చున్న మీరు. ఒక మనిషి తాగుడు మానతానని తనంతట తాను నడిచి మీ గుమ్మం దాకా వస్తే, తాగితేనే గానీ చేర్చుకోమన్నారు. కోపంలో నోరుజారి అంటున్న మాట కాదిది. జరిగింది జరిగినట్టు చెప్తా. ఎక్కడన్నా ఒక్క ముక్క అబద్ధముంటే లేచి నిలబడి చెప్పండి, కూర్చుంటా.

మాది పలకల ఊరు. పిల్లలు బలపంతో రాసుకునే పలకలు. కొండలోంచి రాయి తీసి, పల్చగా చీల్చి, మిషను రంపం మీద అంచులు కోస్తారు. యలమంద ఆ రంపం మీద పని చేస్తాడు. రంపానికీ వేళ్ళకీ మధ్య ఉండే సందు వెంట్రుకంత. చేతులు నిలిచిన మనిషికి ఆ సందు చాలు. యలమందకి తాగుడు ముదిరాక పొద్దున్నే ఓ క్వార్టరు పడితే గానీ చేతులు నిలవవు. పడితే నిలుస్తాయి, మధ్యాహ్నానికి మళ్ళీ వణుకు. పోయినేడు చిటికెన వేలు చివర రంపానికిచ్చేశాడు. "మిగతా తొమ్మిదన్నా ఇంటికి తెచ్చుకో" అంది వాడి భార్య సంపూర్ణ. ఆమె అదే ఫ్యాక్టరీలో పలకలకి చెక్కచట్రాలు బిగిస్తుంది.

పెద్దాసుపత్రిలో కొత్తగా మీ కేంద్రం తెరిచారని తెలిసి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మీ దగ్గర పడకలుండవు. అంతా ఓపీ. పొద్దున రావడం, డాక్టరుకి చూపించుకోవడం, వణుకు తగ్గే బిళ్ళ మింగడం, కౌన్సెలరుతో కాసేపు మాట్లాడటం, ఇంటికి పోవడం. ఆ బిళ్ళ బయట షాపుల్లో డాక్టరు చీటీ లేకుండా అమ్మరు. అంటే యలమందకి కావలసింది ఒక్కటే. ఓపీలో చేరడం.

గేటు దగ్గర గురవయ్య ఉన్నాడు. మిలట్రీలో చేసొచ్చిన మనిషి. చేతిలో ఊదే మిషను.

"ఊదు."

యలమంద ఊదాడు. ఎర్రలైటు వెలిగింది.

"ఇక పో."

"యాడికన్నా?"

"ఇంటికి. తాగినోళ్ళకి లోపలికి ప్రవేశం లేదు."

"ఇది తాగినోళ్ళ ఆసుపత్రే గదన్నా."

"ఆసుపత్రి తాగినోళ్ళదే. గేటు తాగనోళ్ళది."

సంపూర్ణ కొంగు నడుముకు చుట్టింది. "ఏమయ్యా, కాలు విరిగినోణ్ణి కుంటకుండా రమ్మంటావా?"

"కాళ్ళ సంగతి పక్క గేటమ్మా," అన్నాడు గురవయ్య. మనిషి చెడ్డవాడు కాదు. ఆర్డరు చేతిలో ఉంటే మనిషి చెడ్డవాడు కావలసిన పని కూడా లేదు.

ఆ ఆర్డరు ఎట్టా పుట్టిందో కూడా చెప్పాలి. కేంద్రం ప్రారంభం రోజున, మొదటి రోగిగా వేదిక మీదికి తెచ్చి కూర్చోబెట్టిన పెద్దమనిషి ఒకడు, రిబ్బను కత్తిరించడానికొచ్చిన ముఖ్య అతిథిని చూసి "బావా, ఎన్నాళ్ళకి" అంటూ వాటేసుకున్నాడు. వదల్లేదు. జాతీయ గీతం అయిపోయినా వదల్లేదు. ఆ ఆలింగనం మీద విచారణ జరిగింది. మత్తులో ఉన్నవాళ్ళని మత్తు విముక్తి కేంద్రం ఆవరణలోకి రానివ్వడమే ఇంత అనర్థానికి మూలమని తేలింది. సూపరింటెండెంటు పరాంకుశం గారు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

సంపూర్ణ మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. "సరే, తాగకుండానే పోదాం" అంది. అట్టా అనడం తేలిక. వారం పైన పట్టింది. చెమటలు, వాంతులు, గోడ మీద లేని పురుగులు పాకుతున్నట్టు కనపడటం. ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు. మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, బూతులు, బతిమాలటాలు, అన్నీ అయినాయి. యలమంద ఒక్క చుక్క ముట్టలేదు. సంపూర్ణ తలుపుకి అడ్డంగా పడుకుంది, అది నిజమే. కానీ కిటికీ తెరిచే ఉంది, అదీ నిజమే. ముట్టనిది వాడే.

మళ్ళీ వచ్చారు. యలమంద ఊదాడు. పచ్చలైటు. గురవయ్య బూట్లు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. ఆ సెల్యూట్‌కి యలమంద కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పద," అని గురవయ్య గేటుకి తాళం వేసి, మిషను పట్టుకుని వాళ్ళ వెంటే నడిచాడు.

"నువ్వెందుకన్నా?"

"కౌంటర్లో కూడా ఊదాలి. ఆసుపత్రికంతా మిషను ఒక్కటే."

కౌంటరు కిటికీ వెనక కౌన్సెలరు చక్రధర్. టై కట్టుకున్న కుర్రాడు, మాట మెత్తన.

"చెప్పండి, మీ సమస్య?"

"తాగుడు సార్."

"ఊదండి."

పచ్చలైటు.

"మీకు ఆ సమస్య లేదండీ."

"మానుకుని వారం పైనయింది సార్. సచ్చి బతికా."

"చాలా సంతోషం. అంటే నయమైపోయింది. అభినందనలు."

"నయం కాలా సార్. చేతులు చూడండి. రంపం కాడికి పోలేకపోతున్నా. మల్లా తాగితే తప్ప నిలబడవు. ఆ బిళ్ళేదో ఇవ్వండి."

"చేతుల వణుకు నరాల విభాగం. పై అంతస్తు."

పై అంతస్తులో ఉన్న డాక్టరు చేతులు చూసి, ఇది తాగుడు మానిన వణుకు, కింద చూపించుకోండి అన్నాడు. కిందికొచ్చారు. చక్రధర్ గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోకండి. పోయిన నెల ఆడిట్ వాళ్ళొచ్చారు. మీరు వైద్యం చేసినవాళ్ళంతా తాగుబోతులేనని ఏమిటి రుజువు, మామూలు మనుషులకి బిళ్ళలు పంచలేదని ఎట్టా నమ్మాలి అని రాశారు. అందుకని ఎర్రలైటు వెలిగితేనే చేర్చుకోమని ఉత్తర్వు."

"ఎవరిచ్చారు?" అంది సంపూర్ణ.

"పరాంకుశం గారు."

"గేటు కాడ ఆర్డరు?"

"అదీ పరాంకుశం గారే."

సంపూర్ణ అక్కడినుంచి సరాసరి నా దగ్గరికొచ్చింది. నేను మా పేట మహిళా సంఘం తరఫున ఇట్టాంటి వాటికి పోతుంటా. పరాంకుశం గారి గదికి పోయాం. ఆయన మర్యాదస్తుడు. కుర్చీలేయించారు, టీ తెప్పించారు. రెండు ఉత్తర్వులూ బల్ల మీద పెట్టి అడిగా. "తాగొస్తే గేటు రానీదు. తాగకుండా వస్తే కౌంటరు చేర్చుకోదు. మరి ఎవరు చేరాలి సార్?"

"చూడమ్మా. ఉభయ ఉత్తర్వులూ నా సంతకంతోనే జారీ అయినవి. వీటిలో మీకు వైరుధ్యం గోచరించడం సహజం. కానీ ఇది భద్రతా విభాగం ఫైలు. అది చికిత్సా విభాగం ఫైలు. ఈ రెండు ఫైళ్ళూ ఒకదానికొకటి ఎదురుపడే అవకాశం పరిపాలనలో లేదు."

"మనిషికి ఎదురుపడుతున్నయ్ గదా సార్, రెండూ."

"మనిషి ఫైలు కాదమ్మా."

"ఒకదాన్ని రద్దు చేయండి."

"అసాధ్యం. ఒకటి ముఖ్య అతిథి గారికి మేమిచ్చిన వివరణలో భాగం. రెండోది ఆడిట్‌కిచ్చిన జవాబు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే సంస్థ విశ్వసనీయత ఏమవుతుంది?"

"మరి యలమంద ఏమవుతాడు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సదరు వ్యక్తి గేటు దాటేటప్పుడు తాగని స్థితిలోనూ, కౌంటరు చేరేటప్పుడు తాగిన స్థితిలోనూ ఉండటానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాదు."

చెప్పాక ఆయనకే ఆ మాట నచ్చింది. ఇంకోసారి నెమ్మదిగా అని, పక్కనున్న గుమాస్తా వైపు చూశారు, రాసుకున్నావా అన్నట్టు.

నిజానికి ఊళ్ళో తాగుబోతులు ఆ సంగతి అప్పటికే కనిపెట్టారు. పచ్చలైటుతో గేటు దాటి, సైకిల్ స్టాండు వెనక్కి పోయి, టిఫిను క్యారేజీ అడుగు గిన్నెలోంచి తీసి ఎత్తుకుని, మూతి తుడుచుకుని, కౌంటరు దగ్గర ఎర్రలైటు వెలిగించి చేరిపోతున్నారు. యలమందని కూడా రమ్మన్నారు. వాడు వెళ్ళలేదు.

సైకిల్ స్టాండు వెనక సీసాలు గుట్ట పడ్డాయి. పరాంకుశం గారు పోయి చూసి చాలా బాధపడ్డారు. తాగినందుకు కాదు. "రోగులు చికిత్సలో ఇంత కీలకమైన దశను, ఎటువంటి వైద్య పర్యవేక్షణా లేకుండా, ఈగలు ముసిరే చోట పూర్తి చేసుకోవడం మన సంస్థకు సిగ్గుచేటు" అన్నారు.

అట్టా పుట్టింది నిర్ధారణ గది.

గేటుకీ కౌంటరుకీ మధ్య రేకుల షెడ్డు వేశారు. లోపల బల్లలు, బేసిను, డ్యూటీ నర్సు, గోడ మీద చేతులు కడుక్కోమని బొమ్మ. గేటు దాటిన ప్రతి మనిషికీ అక్కడ కొలగ్లాసుతో నిర్ధారణ మోతాదు ఇస్తారు. సరుకుని టెండరు పిలిచి కొన్నారు. రూలు ప్రకారం అందరికంటే తక్కువ రేటు వేసినవాడిదే తీసుకున్నారు. మొదటి రోజే గొడవ. ఇది తాగితే చస్తామని రోగులు ఎదురు తిరిగారు. "ఇరవయ్యేళ్ళ నుంచి తాగుతున్నా, ఇట్టాంటిది నా పగోడికి కూడా పోయను" అన్నాడొక ముసలాయన. ఆ ఫిర్యాదు మీద నిపుణుల సంఘం వేశారు. సంఘం మూడు సార్లు కూర్చుంది. మూడోసారి లేవలేదు.

ఖాళీ కడుపున ఇవ్వకూడదని పథ్యాహారం మొదలుపెట్టారు. ఉడకబెట్టిన శనగలు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ. బెల్లం సారా అలవాటైనవాళ్ళకి సీసా సరుకుతో లైటు సరిగ్గా వెలగడం లేదని వాళ్ళకి వేరే బల్ల. కల్లు వాళ్ళకి చెట్టు కింద, ఎందుకంటే లోపల కూర్చుంటే వాళ్ళకి తృప్తిగా ఉండదని కౌన్సెలింగ్‌లో తేలింది.

గంజాయి కుర్రాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళదీ జబ్బే, వాళ్ళకీ నిర్ధారణ కావాలి. పరాంకుశం గారు పోలీసు స్టేషన్‌కి రాశారు, మీరు పట్టుకున్న సరుకులో కొంత వైద్య అవసరాలకి పంపగలరని. స్టేషన్ నుంచి మర్యాదగానే జవాబొచ్చింది. పంపడానికి అభ్యంతరం లేదు, కాకపోతే ఎవరు పీల్చినా అక్కడికక్కడే అరెస్టు చేయాల్సి వస్తుంది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. కుర్రాడు పీలుస్తాడు, నిర్ధారణ అవుతుంది, ఓపీలో చేరతాడు, జీపెక్కుతాడు. బిళ్ళ మాత్రం ఎవరికీ అందలేదు, ఓపీ బిళ్ళ లాకప్పులోకి పంపే రూలు లేదు.

ఇక జనం సంగతి చెప్పాలా? పొద్దున్నే గేటు ముందు లైను బజారు దాకా. ముందు రాత్రి ఎవరూ ముట్టరు, పచ్చలైటు వెలగదేమోనని భయం. వైను షాపువాడు దిగులుపడి, తన గిరాకీ అంతా ఆసుపత్రి లాగేసుకుంటోందని కలెక్టరుకి అర్జీ పెట్టుకున్నాడు. జన్మలో వాసన చూడనివాళ్ళు కూడా వచ్చారు. మా వీధి పూజారి గారి తమ్ముడు మూడో రోజుకే పాత రోగి అయ్యాడు. ఇదంతా పరాంకుశం గారికి ఎట్టా కనపడిందో తెలుసా? "ప్రజల్లో చికిత్స పట్ల వెల్లువెత్తిన చైతన్యం." చేరినవాళ్ళ సంఖ్య పైకి పోయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. అవార్డుకి పేరు పంపారు.

ఈ వెల్లువలో చేరనివాడు ఒక్కడే. యలమంద.

వాడు రోజూ వచ్చేవాడు. ఊదేవాడు. గురవయ్య సెల్యూట్ కొట్టేవాడు. నిర్ధారణ గది ముందు ముక్కు మూసుకుని, గోడవారగా నడిచి కౌంటరు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు చక్రధరే బయటికొచ్చి వాడి భుజం మీద చెయ్యేశాడు. నేనూ ఉన్నా అప్పుడు.

"అన్నా, ఒక్క మోతాదు. చికిత్సలో భాగమనుకో. లైటు వెలిగిన మరుక్షణం నీ బిళ్ళ నేనే చేతికిస్తా."

"ఒక్కదాంతో ఆగేవాణ్ణయితే మీ కాడికి ఎందుకొస్తా సార్?"

చక్రధర్ వాడి భుజం మీంచి చెయ్యి తీసుకుని కిటికీ వెనక్కి పోయాడు. చదువుకున్న పుస్తకాల్లో ఆ మాట ఉండే ఉంటుంది. పై నుంచి మాత్రం వెంటనే వచ్చింది జవాబు. యలమందని సహకరించని రోగి అన్నారు. చికిత్స పట్ల ప్రతికూల వైఖరి అన్నారు. "తాగడానికి నిరాకరిస్తున్న వ్యక్తి తాగుడు మానతాడని ఎట్టా ఆశించగలం?" అన్నారు పరాంకుశం గారు సమీక్షా సమావేశంలో. ఎవరూ నవ్వలేదు.

ఇంతలో ఇంకో చిక్కొచ్చింది. నిర్ధారణ గదిలో సరుకు తరిగిపోతోంది. పోసే మనిషిని మారుస్తారు, మళ్ళీ తరుగుతుంది. వార్డుబాయ్‌ని తీసేశారు, వాచ్‌మన్‌ని తీసేశారు, ఎక్సైజు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినాయన రెండో పూటకే నర్సుని అమ్మా అని పిలిచి ఏడ్చాడు. అవార్డు కమిటీ తనిఖీకి వచ్చే వారం అది. పరాంకుశం గారు తల పట్టుకున్నారు. "ఈ ఊళ్ళో ఎదురుగా సీసా ఉన్నా ముట్టని మనిషి ఒక్కడన్నా లేడా?"

గురవయ్య మిలట్రీ పద్ధతిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఒకడున్నాడు సార్. రోజూ గేటు కాడ పచ్చలైటు వాడిదే."

ఇవాళ పొద్దున యలమందని పిలిపించారు. సంపూర్ణ నాకు కబురు పెట్టింది, పరిగెత్తుకొచ్చా. వచ్చేసరికి తనిఖీ వాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. నిర్ధారణ గది మధ్యలో యలమంద, ఒంటి మీద కొత్త నీలం కోటు. పరాంకుశం గారు వాడి పక్కన నిలబడి చెప్తున్నారు.

"సదరు యలమంద నిరంతర నిగ్రహానికి గుర్తింపుగా, సంస్థ ఆయనను కాంట్రాక్టు పద్ధతిపై మోతాదు సహాయకుడిగా నియమిస్తున్నది."

"జీతమొస్తుందంటక్కా," అంది సంపూర్ణ నా చెవిలో. ఆ గొంతులో సంతోషం లేదు. యలమందకి ఫ్యాక్టరీలో పని పోయి చాలా రోజులైంది, ఇంట్లో సంగతి నాకు తెలుసు.

"సార్," అన్నాడు యలమంద, "ఇక్కడ చేస్తే నాకు బిళ్ళ ఇస్తారా?"

"సిబ్బందికి ఇవ్వరాదు. మత్తుకు బానిసైనవారు సిబ్బందిగా ఉండటానికి వీల్లేదు కదా. పోయ్, అయ్యలు చూస్తున్నారు."

నర్సు వాడి చేతిలో సీసా పెట్టింది. ఇంకో చేతిలో కొలగ్లాసు. వంచాడు. చేతులు వణికి, సరుకు సగం గ్లాసులో, సగం వాడి వేళ్ళ మీద పడింది. గది అంతా ఆ వాసన. లైనులో ముందున్నవాడు "చూసి పోయ్యి బావా, నేల పాలైపోతంది" అన్నాడు. తనిఖీ వాళ్ళలో ఒకాయన కలంతో ఏదో గీసుకున్నాడు, తరుగు అనుకుంటా.

యలమంద గ్లాసు వంక చూశాడు. గుటక మింగడం గుమ్మం దగ్గరున్న నాకు కనపడింది. వాడి చెయ్యి నోటిదాకా లేవడం కూడా కనపడింది. సంపూర్ణ పిలవలేదు, కదల్లేదు. పరాంకుశం గారు ఆగమనలేదు. ఆగమనడం ఎందుకు? తాగితే ఎర్రలైటు, లైటు వెలిగితే ప్రవేశం, ప్రవేశమైతే ఇంకో మనిషి లెక్కలోకి. గదిలో ఉన్న ఉద్యోగస్థులందరికీ వాడు తాగడమే లాభం. అది కూడా మీరు గమనించి ఉండరు.

వాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. తడిచేతిని కొత్త కోటుకి తుడిచి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, కౌంటరు దగ్గరికి నడిచాడు.

"చక్రధర్ సార్," అన్నాడు, లైనంతా వినేట్టు. "నేను తాగుబోతుని. నా పెళ్ళాం గాజులు తాకట్టు పెట్టి తాగినా. మా యమ్మ చచ్చిన రోజు తాగినా. ఇప్పుడా గ్లాసు కోసం నా ఒళ్ళంతా కొట్టుకుంటా ఉంది. మిషను చెప్పేది కాదు, నేను చెప్తుండా. నా మాట సాలదా?"

చక్రధర్ చెయ్యి సొరుగులోకి పోయింది. బిళ్ళల అట్ట బయటికి తీశాడు, నేను చూశా. అప్పుడు యలమంద భుజం మీదుగా పరాంకుశం గారి వైపు చూశాడు.

"ఊదించావా?" అన్నారు ఆయన.

చక్రధర్ అట్ట లోపల పెట్టి కిటికీ వేసేశాడు.

అందుకని మీ గది ముందు నిలబడి ఈ మాటలు చెప్తున్నా. తనిఖీ వాళ్ళు వినండి, పరాంకుశం గారూ మీరూ వినండి. నిర్ధారణ గదిలో మిగిలిన సరుకు ఎవరికి వాపసిస్తారో, ఆ అవార్డు ఏ గోడకి తగిలిస్తారో, ఆ రెండు ఫైళ్ళనీ ఏ గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారో, అది మీ బాధ. తీరిగ్గా ఏడవండి. నాకిప్పుడు కావలసింది అది కాదు. యలమంద ఇంకా ఆ కిటికీ ముందే నిలబడున్నాడు. సంపూర్ణ పక్కనుంది, మా సంఘం ఆడాళ్ళు వెనక ఉన్నారు, గురవయ్య మిషను కింద పెట్టి వచ్చి వాళ్ళతో పాటు నిలబడ్డాడు. ఒక మగాడు నలుగురి ముందు నోరు తెరిచి నేను తాగుబోతుని అని చెప్పాడు. ఇంతకన్నా పెద్ద రుజువు మీకు ఏ ఆడిట్‌లోనూ దొరకదు. ఆ మాట రాసుకోండి. ఆ మాట మీదే వాణ్ణి చేర్చుకోండి. వాడి తరవాత వచ్చి అదే మాట చెప్పే ప్రతివాణ్ణీ చేర్చుకోండి.

ఓపీ ఇంకా మూయలేదు. కిటికీ తెరిచి వాడి బిళ్ళ వాడికివ్వండి.